బియర్డెడ్ డ్రాగన్ తిండి మానేసినప్పుడు

నవంబరు వచ్చి, అమెరికాలో సాయంత్రం ఐదింటికే చీకటి పడే రోజులు మొదలయ్యాక, గాజుపెట్టె ముందు నిలబడి దిగులుపడే కుటుంబాలు చాలా ఉంటాయి. నిన్నమొన్నటి దాకా పురుగుల డబ్బా మూత చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చిన బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లి ఇప్పుడు పెట్టెలో చల్లటి మూలకు చేరి, కళ్లు సగం మూసుకుని, కదలకుండా పడి ఉంటుంది. పొద్దున పెట్టిన ఆకులు సాయంత్రానికి వాడిపోతాయి. పురుగులు కళ్లముందే నడిచి వెళ్తున్నా అది తల తిప్పదు. ఆకలి తగ్గడం, చురుకుదనం తగ్గడం అనే ఈ రెండు లక్షణాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఇవి ఏ ఒక్క జబ్బుకూ సొంతం కావు. పెట్టెకు వేడినీ వెలుతురునూ ఇచ్చే దీపం పాతబడినా ఇవే కనిపిస్తాయి, శీతాకాలపు సహజ విశ్రాంతి మొదలైనా ఇవే కనిపిస్తాయి, పేగుల్లో పరాన్నజీవులు పెరిగినా, ఆడజంతువు కడుపులో గుడ్లు ఇరుక్కున్నా ఇవే కనిపిస్తాయి. అందుకే ఒక్క లక్షణాన్ని పట్టుకుని ఒక్క కారణాన్ని ఊహించే బదులు, కారణాలను ఒక వరుసలో పరీక్షించుకుంటూ వెళ్లడం మేలు. ఆ వరుసలో తిండి చివరన వస్తుంది. వేడి మొదట వస్తుంది.

ఎందుకో అర్థం కావాలంటే ఈ జంతువు ఎక్కడిదో తెలియాలి. పెంపుడు జంతువులుగా మనం చూసేవాటిలో దాదాపు అన్నీ పోగోనా విటిసెప్స్ అనే జాతివి. ఎర్న్‌స్ట్ ఆల్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని 1926లో శాస్త్రీయంగా వర్ణించాడు. ఆస్ట్రేలియా తూర్పు, మధ్య భాగాల లోపలి మెట్టనేలలు, పొదల అడవులు, ఎడారి అంచులు దీని స్వస్థలం. ఆస్ట్రేలియా తన వన్యప్రాణులను వ్యాపారం కోసం ఎగుమతి చేయనివ్వదు కాబట్టి, అమెరికాలోనూ ఐరోపాలోనూ అమ్ముడయ్యేవి ఎన్నో తరాలుగా మనుషుల దగ్గరే పుట్టి పెరిగినవి. తెలుగువారికి దీని చుట్టం ఒకటి చిన్ననాటి నుంచే పరిచయం. కంచెల మీద, గోడల మీద తల ఊపుతూ, మెడ ఎర్రబరుచుకుని కూర్చునే మన తొండ కూడా అగామిడే అనే ఇదే కుటుంబానికి చెందింది. అందుకే దీన్ని గడ్డపు తొండ అని పిలిస్తే తప్పేమీ ఉండదు. పొద్దున్నే తొండ కంచె ఎక్కి ఎండ కాచుకున్నాకే వేటకు దిగడం గమనించినవారికి, ఈ జంతువు గురించి తెలియవలసిన దానిలో సగం అప్పటికే తెలిసినట్టు.

తొండకైనా బియర్డెడ్ డ్రాగన్‌కైనా ఒంట్లో వేడి పుట్టదు. మనం తిన్న అన్నంలో చాలా భాగం శరీరాన్ని వెచ్చగా ఉంచడానికే ఖర్చవుతుంది. ఈ జీవులు ఆ ఖర్చు పెట్టుకోవు, సూర్యుడి నుంచి అరువు తెచ్చుకుంటాయి. అరువు దొరకని రోజున శరీరంలో అన్ని పనులూ మందగిస్తాయి, వాటిలో ముందు దెబ్బతినేది జీర్ణక్రియ. బియర్డెడ్ డ్రాగన్ తన ఒంటి వేడిని 35 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంచుకోవడానికి ప్రయత్నిస్తుంది. అంతకంటే బాగా చల్లబడితే జీర్ణరసాలు సరిగా పనిచేయవు, పేగుల కదలిక నెమ్మదిస్తుంది, మింగిన పురుగు కడుపులోనే నిలిచి కుళ్లడం మొదలవుతుంది. కాబట్టి వేడి చాలని జంతువు తిండి మానేయడం జబ్బు కాదు, ఆత్మరక్షణ. అరిగించుకోలేని దాన్ని అది వద్దంటోంది. వేడికి ఈ జాతి మీద ఎంత పట్టు ఉందంటే, గుడ్లు 32 డిగ్రీలు దాటిన వేడిలో పొదిగినప్పుడు జన్యుపరంగా మగవి కావలసిన పిల్లలు కూడా ఆడవిగా పుడతాయి. ఆస్ట్రేలియా అడవుల్లో సహజంగానే ఇది జరుగుతోందని 2015లో శాస్త్రవేత్తలు నిరూపించారు.

పెట్టె లోపల వేడి ఒకే తీరుగా ఉండకూడదు. ఒక కొసన ఎండ కాచుకునే చోటు, అంటే దీపం కింద ఉండే రాయి గానీ కొమ్మ గానీ, దాని ఉపరితలం 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా, అమెరికా లెక్కలో 100 నుంచి 108 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉండాలి. రెండో కొస 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి 18 నుంచి 22 డిగ్రీలకు దిగినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద జంతువుకు ఇబ్బంది లేదు. ఈ రెండు కొసల మధ్య అటూ ఇటూ తిరుగుతూ అది తన వేడిని తానే సర్దుకుంటుంది. పెట్టె అంతా చల్లగా ఉన్నా, అంతా వేడిగా ఉన్నా ఆ అవకాశం పోతుంది. వేడి ఎక్కువైనా ఆకలి చచ్చిపోతుందన్న సంగతి చాలామందికి తట్టదు. మే నెలలో హైదరాబాదులో గది ఉష్ణోగ్రతే 35 డిగ్రీలు దాటే రోజుల్లో చల్లటి కొస అనేదే మిగలదు. అప్పుడు జంతువు నోరు తెరుచుకుని, దీపానికి వీలైనంత దూరంగా, నేలకు అతుక్కుని పడి ఉంటుంది. దీపం కింద కాసేపు నోరు తెరిచి కూర్చోవడం మామూలే. చల్లటి మూలలో కూడా నోరు మూయకుండా రొప్పుతుంటే అది ఆపద.

వేడి సరిగానే ఉందని యజమానులు నమ్మకంగా చెప్పే ఇళ్లలోనే తరచుగా అది తప్పుతుంది, ఎందుకంటే వారు నమ్మేది పెట్టె గోడకు అంటించిన గుండ్రటి మీటరును. ఆ మీటరు చూపించేది గాజు దగ్గరి గాలి వేడిని మాత్రమే, జంతువు పొట్ట ఆనించే రాయి వేడిని కాదు. రాయి వేడి తెలియాలంటే తుపాకీలా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి, గాలి వేడికి తీగతో ఉండే డిజిటల్ థర్మామీటరు కావాలి. ఈ రెండూ కొనడం ఏ మందుకన్నా ముందు చేయవలసిన పని. వేసవిలో సరిగ్గా 40 డిగ్రీలు చూపిన రాయి, ఇంట్లో హీటరు తగ్గించిన నవంబరు రాత్రుల తరవాత 33 దగ్గరే ఆగిపోవచ్చు. పెట్టెను గదిలో ఇంకో గోడకు జరిపినా, పైన ఏసీ గాలి వచ్చే కంత ఉన్నా, పిల్లలు కొమ్మను రెండు అంగుళాలు కిందికి దించినా లెక్క మారిపోతుంది. తిండి మానేసిన రోజున మొదట చేయవలసింది ఈ కొలత, అది కూడా దీపం వెలిగించిన రెండు మూడు గంటల తరవాత.

రెండోది వెలుతురు, ఇక్కడ మోసం ఇంకా లోతుగా ఉంటుంది. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలలో యూవీబీ అనే భాగం ఈ జంతువు చర్మం మీద పడినప్పుడు, అక్కడున్న ఒక కొవ్వు పదార్థం డి3 విటమిన్‌కు ముందురూపంగా మారుతుంది. అది ఒంటి వేడికి విటమిన్‌గా మారి, కాలేయంలో ఒకసారి, మూత్రపిండాలలో ఇంకోసారి రూపం మార్చుకుని పనికొచ్చే హార్మోను అవుతుంది. ఆ హార్మోను లేకపోతే తిన్న కాల్షియం పేగు దాటి రక్తంలోకి సరిగా చేరదు. పురుగుల మీద కాల్షియం పొడి చల్లుతున్నాం కదా అని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో కూడా ఎముకలు మెత్తబడటానికి కారణం ఇదే. కాల్షియం ఎముకలకు మాత్రమే కావలసినది కాదు. కండరం ముడుచుకోవడానికీ అదే కావాలి, పేగు గోడల్లో ఉన్నదీ కండరమే. అందువల్ల కాల్షియం తగ్గిన జంతువు నీరసంగా ఉంటుంది, మలబద్ధకంతో బాధపడుతుంది, ఆకలి కోల్పోతుంది. ఇంకా ముదిరితే వేళ్లు, కాళ్లు వణుకుతాయి, దవడ వేలితో నొక్కితే వంగేంత మెత్తబడుతుంది, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది.

పెట్టెలో యూవీబీ కోసం పెట్టే ట్యూబులైటు ఏళ్ల తరబడి తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, కాని దానిలోని యూవీబీ అంతకు చాలా ముందే క్షీణిస్తుంది. టీ5 రకం మంచి ట్యూబులను సుమారు ఏడాదికొకసారి, పాత టీ8 రకాన్ని ఆరు నెలలకొకసారి మార్చమని చెప్పేది అందుకే. కొన్న తేదీని ట్యూబు చివర స్కెచ్ పెన్నుతో రాసుకోవడం మంచి అలవాటు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది, కాబట్టి కిటికీ పక్కన ఎండ పడుతోందన్నది లెక్కలోకి రాదు. పెట్టె మీది ఇనుప జల్లెడ కూడా మూడో వంతు దాకా మింగేయగలదు. చుట్ట తిరిగిన చిన్న బల్బులు ఒక చిన్న చోటుకే కిరణాలు పంపుతాయి. పెట్టె పొడవులో సగానికి పైగా వచ్చే ట్యూబు, వీపుకు 25 నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో, ఎండ కాచుకునే దీపం పక్కనే ఉండటం మేలు. వేడీ యూవీబీ ఒకే చోట దొరికితేనే అడవిలో సూర్యుడు చేసే పని ఇక్కడ జరుగుతుంది.

రాత్రి చీకటి గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది రాత్రిపూట ఎర్ర బల్బు వేస్తారు, లేదా పెట్టె హాల్లో ఉండటం వల్ల పదకొండింటి దాకా లైట్లు, టీవీ వెలుగుతూ ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2016లో ఈ జాతి నిద్రను పరిశీలించి, మనుషుల్లో కలల నిద్ర అని చెప్పుకునే దశను పోలినది వీటికీ ఉందని, నిద్రలోని రెండు దశలు నిమిషమున్నర లోపే ఒకదాని తరవాత ఒకటి మారుతూ ఉంటాయని కనుగొన్నారు. రాత్రి సరిగా నిద్రపోని జంతువు పగలు మందంగా ఉంటే ఆశ్చర్యం లేదు. రాత్రి వేడి నిజంగా అవసరమైతే, అంటే గది 18 డిగ్రీల కంటే చల్లబడుతుంటే, వెలుతురు లేని సిరామిక్ హీటరు వాడవచ్చు.

వేడి, వెలుతురు కొలిచి చూశాక రెండూ సరిగానే ఉంటే, అప్పుడు జంతువు వయసు, కాలం చూడాలి. పిల్ల జంతువులు తిండిలో అధిక భాగం పురుగులే తింటాయి, రోజుకు రెండు మూడుసార్లు తింటాయి. ఏడాది, ఏడాదిన్నర నిండి ఎదుగుదల ఆగాక అవసరం బాగా తగ్గిపోతుంది. అప్పటి నుంచి ఆకుకూరలే ప్రధానం, పురుగులు వారానికి రెండు మూడుసార్లు చాలు. రోజూ ముప్పై పురుగులు తిన్న జంతువు ఇప్పుడు ఐదుతో ఆగిందని బెంగపడే యజమాని, నిజానికి పెరిగిన పిల్లను పసిపాపతో పోల్చుకుంటున్నాడు. కుబుసం విడిచే రోజుల్లో కూడా ఆకలి తగ్గుతుంది, రంగు మాసినట్టు ఉంటుంది. కొత్త ఇంటికి వచ్చిన జంతువు వారం పది రోజులు సరిగా తినకపోవచ్చు. తల పైన దీనికి కాంతిని పసిగట్టే మూడో కన్ను ఒకటి ఉంటుంది. పైనుంచి చెయ్యి దిగితే అడవిలో డేగ నీడ పడినట్టే దానికి అనిపిస్తుంది. కొత్తలో పక్కనుంచి, నెమ్మదిగా చెయ్యి చాపాలి. ఒకే పెట్టెలో రెండు జంతువులను పెడితే బలహీనమైనది దీపం దగ్గరికి రానివ్వబడక, తిండి దక్కక, చూడటానికి ప్రశాంతంగానే చిక్కిపోతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడం స్నేహం కాదు, వేడి చోటు కోసం పోటీ.

ఇక అందరూ తికమక పడే బ్రుమేషన్ సంగతి. పాకే జీవుల శీతాకాలపు విశ్రాంతిని అలా పిలుస్తారు. ఆస్ట్రేలియాలో చలికాలం జూన్ నుంచి ఆగస్టు వరకు. ఆ నెలల్లో ఈ జంతువులు బొరియల్లోనో మొద్దుల కిందో చేరి, గుండె వేగం తగ్గించుకుని, తిండి లేకుండా గడుపుతాయి. ఉత్తరార్ధగోళంలో తరతరాలుగా పుట్టిన పెంపుడు జంతువులు ఇక్కడి పగటి నిడివిని అనుసరించి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఎప్పుడైనా ఇందులోకి వెళ్తాయి. దీపాల వేళలు మార్చకపోయినా వెళ్లేవి ఉన్నాయి, ఎప్పుడూ వెళ్లనివీ ఉన్నాయి. కొన్ని మూడు వారాలు మందంగా ఉండి లేస్తాయి, కొన్ని మూడు నెలలు దాదాపు లేవవు. నిజమైన బ్రుమేషన్ క్రమంగా వస్తుంది. ముందు తిండి తగ్గుతుంది, తరవాత దీపం కింద గడిపే సమయం తగ్గుతుంది, ఆ తరవాత చీకటి మూల వెతుక్కుంటుంది. మేలుకొలిపితే కళ్లు తెరిచి చూస్తుంది, ఒళ్లు బిగువుగా ఉంటుంది, మళ్లీ పడుకుంటుంది. రాత్రికి రాత్రి కుప్పకూలినట్టు పడిపోవడం బ్రుమేషన్ కాదు. ఏడాది నిండని పిల్ల తిండి మానేస్తే దాన్ని బ్రుమేషన్ అనుకుని వదిలేయకూడదు. జూలైలో అమెరికాలో తిండి మానేసిన జంతువుకు ఆ పేరు పెట్టడం కూడా తొందరపాటే.

బ్రుమేషన్‌కు, జబ్బుకు మధ్య ఇంట్లోనే తేల్చగలిగే తేడా ఒకటుంది. అది బరువు. నిద్రలో ఉన్న ఆరోగ్యవంతమైన జంతువు ఖర్చే దాదాపు ఆపేస్తుంది కాబట్టి వారాలు గడిచినా బరువు పెద్దగా తగ్గదు. జబ్బుపడిన జంతువు తినకుండానే ఖర్చు పెడుతూ ఉంటుంది. గ్రాముల్లో చూపే వంటింటి కాటా ఒకటి దీనికోసమే విడిగా ఉంచుకుని, వారానికొకసారి అదే రోజు, అదే వేళకు తూచి రాసుకోవాలి. పెద్దవి సాధారణంగా 300 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటాయి. ఉదాహరణకు 420 గ్రాములున్నది 378కి దిగితే పది శాతం పోయినట్టు. ఆ గీత దాటితే బ్రుమేషన్ అన్న మాట పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అయితే కాటాను కూడా గుడ్డిగా నమ్మకూడదు. మలవిసర్జనకు ముందూ తరవాతా బరువులో తేడా వస్తుంది. ఇంకా ముఖ్యంగా, కడుపులో గుడ్లు పెరుగుతున్న ఆడజంతువు ఒంట్లో కండ కరుగుతున్నా గుడ్ల బరువు ఆ లోటును కప్పిపుచ్చుతుంది. అందుకే కాటాతో పాటు చూపూ కావాలి. తల మీద కళ్ల పైన ఉండే మెత్తటి కొవ్వు దిమ్మలు పల్లం పడ్డాయా, తోక మొదలు దగ్గర ఎముకలు బయటపడ్డాయా, కళ్లు గుంతలు పడ్డాయా అన్నది చూడాలి.

నా మాటగా చెబితే, మలపరీక్ష చేయించకుండా ఏ జంతువునూ బ్రుమేషన్‌లోకి వెళ్లనివ్వకూడదు. అక్టోబరులోనే తాజా మలాన్ని డాక్టరుకు ఇచ్చి చూపించుకోవాలి, ఎందుకంటే మెలకువగా ఉన్నప్పుడు శరీరం అదుపులో ఉంచిన పరాన్నజీవులు, రక్షణ వ్యవస్థ మందగించిన చలికాలంలో చెలరేగవచ్చు. రెండో షరతు ఖాళీ కడుపు. తిండి తగ్గించుకున్న జంతువుకు బలవంతంగా చివరి భోజనం పెట్టి పడుకోబెట్టడం చాలా ప్రమాదకరం, ఆ పురుగు చల్లటి కడుపులో కుళ్లుతుంది. తిండి ఆపాక ఒకటి రెండు వారాలు దీపాలు యథాప్రకారం వెలిగించి, మలం పూర్తిగా పోయాకే వెలుతురు గంటలు మెల్లగా తగ్గించాలి. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నిద్రలో ఉన్నదాన్ని రోజూ లేపి తినిపించడానికి ప్రయత్నించడం దానికీ మనకీ చేటు. వారానికొకసారి తూచి మళ్లీ పడుకోనిస్తే చాలు.

బరువు తగ్గుతోందంటే, లేదా అది బ్రుమేషన్ కాలం కాదంటే, జబ్బుల దారిలో వెతకాలి. వీటిలో చాలా తరచుగా కనిపించేవి పేగుల్లోని పరాన్నజీవులు. ఐసోస్పోరా ఆంఫిబొలూరీ అనే కాక్సిడియా సూక్ష్మజీవి, సూదిపురుగుల వంటి పిన్‌వర్ములు ముఖ్యమైనవి. ఇవి కొద్దిగా ఉంటే చాలా జంతువులు ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తాయి. ఒత్తిడి, చలి, మురికి పెట్టె కలిసినప్పుడు కాక్సిడియా పెరిగి నీళ్ల విరేచనాలు, దుర్వాసన, బరువు కోల్పోవడం మొదలవుతాయి. దీని జీవితచక్రానికి మధ్యలో వేరే జీవి అక్కరలేదు, అంటే జంతువు తన మలం అంటిన ఆకును తిని జబ్బును తనకు తానే మళ్లీ అంటించుకుంటుంది. అందువల్ల మందు ఎంత మంచిదైనా, మలం రోజూ తీసేయకుండా, పెట్టెలో కాగితం పరచకుండా, కొమ్మలు, గిన్నెలు వేడి నీళ్లతో కడగకుండా వైద్యం ఫలించదు.

మలబద్ధకం, పేగు అడ్డుపడటం ఇంకో పెద్ద పాయ. వదులు ఇసుక మింగడం, రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగును పెట్టడం దీనికి కారణాలుగా అందరూ చెబుతారు, అవి నిజమే. కాని చాలా సందర్భాలలో ఇసుక చివరి నేరస్థురాలు మాత్రమే. వేడి చాలక, నీళ్లు చాలక, కాల్షియం చాలక పేగు ముందే మందగించి ఉంటుంది, అందుకే మామూలుగా దాటిపోవలసినది ఇరుక్కుంటుంది. మలద్వారం దగ్గర ముక్కుతూ, పొట్ట గట్టిగా ఉండి, వెనక కాళ్లు బలహీనపడితే ఎక్స్‌రే తీయించాలి.

ఆడజంతువుల విషయంలో ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. మగతోడు లేకపోయినా ఇవి గుడ్లు పెడతాయి, కోడి పెట్టినట్టే. ఒక్కో విడతకు పదిహేను నుంచి ముప్పై గుడ్ల దాకా ఉండవచ్చు. గుడ్లు నిండిన కడుపులో ఆహారానికి చోటు ఉండదు కాబట్టి ఆకలి తగ్గుతుంది, అయినా పెట్టె మూలలు తవ్వుతూ, అద్దం గోకుతూ చురుగ్గా ఉంటుంది. తవ్వడానికి తడి మట్టి, ఇసుక కలిపిన లోతైన తొట్టి దొరకకపోతే గుడ్లు ఆపుకుంటుంది. తవ్వి తవ్వి ఒక్కసారిగా ఆగిపోయి, నల్లబడిన గడ్డంతో, అంటే గొంతు కింది చర్మంతో, నీరసంగా పడిపోతే గుడ్లు ఇరుక్కున్నాయని అనుమానించాలి. అది ఆ రోజే చికిత్స కావలసిన స్థితి. తాము పెంచుతున్నది ఆడదో మగదో తెలియని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఒక్క సంగతి ముందే డాక్టరు చేత తేల్చుకుంటే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి.

నోరు తెరిచి చూడటం మరిచిపోకూడదు. అగామిడే కుటుంబంలోని బల్లులకు పక్కపళ్లు దవడ ఎముక అంచు మీద అతుక్కుని ఉంటాయి, ఊడితే మళ్లీ రావు. మెత్తటి పురుగులు, పండ్లు ఎక్కువగా తినే జంతువుల్లో చిగుళ్లు వాచి, ఎముక దాకా పుచ్చిపోతుంది. అలాంటిది ఆకలితోనే ఉంటుంది. తిండి వైపు వస్తుంది, నాలుక చాపుతుంది, నొప్పికి వెనక్కి తగ్గుతుంది. ఆకలి లేకపోవడం వేరు, తినలేకపోవడం వేరు. ఈ తేడాను పక్కన కూర్చుని కాసేపు చూస్తేనే కనిపెట్టగలం. ఇవి కాక, పిల్లల్లో ఎదుగుదల ఆపేసి, తలను ఆకాశం వైపు తిప్పేలా చేసే అడినోవైరస్, చర్మం మీద పసుపు పొక్కులతో మొదలై లోపలికి పాకే నానిజియాప్సిస్ అనే శిలీంధ్రవ్యాధి, కొవ్వు పేరుకున్న కాలేయం, కీళ్లలో యూరిక్ ఆమ్లం చేరడం, వాంతులతో పాటు రక్తంలో చక్కెర పెరిగే ఒక రకం జీర్ణాశయ క్యాన్సరు కూడా ఇవే రెండు లక్షణాలతో మొదలవుతాయి. వీటిని ఇంట్లో తేల్చడం ఎవరివల్లా కాదు.

ఇంట్లో చేయవలసింది వేరే ఉంది. మన ఇళ్లలో ప్రేమ అంటే అన్నం పెట్టడమే. తినని బిడ్డకు చందమామను చూపించైనా నాలుగు ముద్దలు తినిపిస్తేగాని తల్లికి నిద్ర పట్టదు. ఆ ప్రేమతోనే సిరంజితో నోట్లోకి పిండి ద్రవం ఎక్కించేవారు ఉన్నారు, నేను వారిని తప్పుపట్టను. కాని చల్లగా, ఒంట్లో నీరు తగ్గి ఉన్న పాకే జీవికి బలవంతపు తిండి ప్రమాదం. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అరగక కుళ్లవచ్చు. పాకే జీవుల డాక్టర్లు పాటించే క్రమం ఇది: ముందు వెచ్చదనం, ఆ తరవాత నీరు, ఆపైన తిండి. ఒకటి రెండు రోజులు సరైన వేడిలో ఉంచాక, ముక్కు కొసన నీటి చుక్కలు వేస్తూ నాకనివ్వాలి. గోరువెచ్చటి నీటిలో, దాని మోచేతుల ఎత్తుకు మించకుండా, పది పదిహేను నిమిషాలు నిలబెడితే కొన్ని తాగుతాయి, చాలా జంతువులు అక్కడే మలవిసర్జన చేస్తాయి. మలద్వారం గుండా నీరు పీల్చుకుంటుందన్న మాటను నమ్మి తాగించడం మానకూడదు, నీరు నోటి గుండానే పోవాలి.

తిండి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కదిలే, మెత్తటి, నీరున్న పురుగులు ఆశ పుట్టిస్తాయి. వాటిలో పట్టుపురుగు చాలా మంచిది. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ ఆకు మేపి పట్టు కోసం పెంచే పురుగే అమెరికాలో పాకే జీవుల ఆహారంగా డబ్బాల్లో అమ్ముడవుతుంది. కొవ్వు నిండిన మైనపు పురుగుల రుచి మరిగితే మిగతావి తినదు, అవి అరుదుగానే పెట్టాలి. ఆకుల్లో ఆవాకు, కొలార్డ్, మునగాకు కాల్షియం బాగా ఉన్నవి. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి రోజువారీ తిండిగా పనికిరాదు. అవకాడో అసలే వద్దు. వేసవి సాయంత్రాలు పెరట్లో పిల్లలు సీసాల్లో పట్టే మిణుగురు పురుగులు వీటికి విషం. ఒక్కటి మింగినా చనిపోయే ప్రమాదం ఉంది, ఆ సీసా పెట్టె దగ్గరికే రాకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. జంతువును, పెట్టెను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా అప్పుడే నేర్పాలి. ఆరోగ్యంగా కనిపించే జంతువు మలంలోనూ సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, ఐదేళ్ల లోపు పిల్లలకు అది తీవ్రంగా సోకగలదు. వంటింటి సింకులో పెట్టె సామాను కడగకూడదు.

ఎప్పుడు ఆగకూడదన్నది స్పష్టంగా తెలిసి ఉండాలి. ఆరు నెలల లోపు పిల్ల రెండు మూడు రోజులు తినకపోతే, పెద్దది సరైన వేడి వెలుతురులో కూడా రెండు వారాలు తినక బరువు తగ్గుతుంటే, వాంతులు, రక్తపు మలం, వణుకు, ఈడ్చే కాళ్లు, ఉబ్బిన పొట్ట, మూయని నోరు, గంటల తరబడి నల్లగా ఉన్న గడ్డం, ముట్టుకున్నా స్పందించకపోవడం వీటిలో ఏది కనిపించినా వేచి చూడటంలో అర్థం లేదు. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరికీ వీటి వైద్యం తెలిసి ఉండదు, కాబట్టి పాకే జీవులను చూసేవారు దగ్గరలో ఎవరున్నారో జంతువు బాగున్నప్పుడే వాకబు చేసి ఉంచుకోవాలి. వెళ్లేటప్పుడు ఒక రోజు లోపలి మలం చిన్న డబ్బాలో, బరువుల పుస్తకం, పెట్టె ఫొటోలు, దీపాల రకం, కొన్న తేదీ, కొలిచిన ఉష్ణోగ్రతలు పట్టుకెళ్తే డాక్టరు పని సగం తగ్గుతుంది. చలికాలంలో కారు ముందే వెచ్చబరచి, చిన్న పెట్టెలో గుడ్డ చుట్టిన గోరువెచ్చటి నీళ్ల సీసా పక్కన దాన్ని ఉంచి తీసుకెళ్లాలి. డాక్టరు మలపరీక్ష, ఎక్స్‌రే, రక్తంలో కాల్షియం, యూరిక్ ఆమ్లం పరీక్షలు అడిగితే ఖర్చు ఎక్కువే అవుతుంది, అయినా లక్షణాలు ఇంత కలగాపులగంగా ఉన్న జంతువులో ఊహించి మందు ఇవ్వడం కన్నా అదే మంచిది. మనుషుల మందులు ఒక్క చుక్క కూడా సొంతంగా వేయకూడదు.

కారణం బ్రుమేషనే అయి అంతా సవ్యంగా జరిగితే, జనవరి చివరనో ఫిబ్రవరిలోనో ఒక పొద్దున అది తనంతట తానే మూలనుంచి లేచి దీపం కిందికి వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు తిండి పెట్టనక్కరలేదు. దీపాలు పూర్తి వేళలకు మార్చి, నీళ్లు తాగించి, తూచి బరువు రాసుకోవాలి. మర్నాడు సన్నగా తరిగిన ఆకులు, ఒళ్లు బాగా వెచ్చబడి మలం పోయాక, రెండు మూడు రోజులకు, కాల్షియం పొడి అద్దిన చిన్న పురుగులు రెండో మూడో పెట్టవచ్చు.